బోంగ్‌చి, మూడు వేల పరుగు, ఒక ఆకుపచ్చ పొట్లం

బోంగ్‌చికి కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదు. పక్కింటివాళ్ళ స్కూటర్ ఆమె గుమ్మం వైపు జానెడు జరిగితే చాలు, సాన్‌ఛోంగ్‌లో మా సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా వినాల్సిందే. కానీ ఆ సోమవారం వచ్చిన కోపానికి కారణం ఉంది. అది ఒక కాగితం. కత్తెర కోసం కూతురి బల్ల సొరుగు లాగితే చేతికి తగిలింది.

బోంగ్‌చి బడికి పోయింది రెండేళ్ళు. గుర్తుపట్టిన అక్షరాలు చదువుతుంది, మిగతావి దాటేస్తుంది. ఆ కాగితం నెత్తి మీదున్న ముద్ర చదవడానికి మాత్రం ఏ బడీ అక్కర్లేదు. ఇరవై ఆరేళ్ళు ఆ ముద్ర ఉన్న టోపీలోకి జుట్టు దోపుకుని పనిచేసింది, కంప్యూటర్ల కడుపులో ఉండే మదర్‌బోర్డులు తయారుచేసే ఫ్యాక్టరీలో.

“ఏంటే ఇది?”

కూతురు సియోక్‌హుయ్ కంప్యూటర్ తెర మీంచి చూపు తిప్పలేదు. “చూశావుగా. వచ్చే సోమవారం లైనులో చేరమన్నారు.”

“ఎవరడిగారు వాళ్ళని?”

“నేనే అడిగాను.”

“నీకేం పొయ్యేకాలమే! సగం లైన్లు సముద్రం అవతలికి ఎత్తుకుపోయారు. నా కళ్ళు మసకబారాయని నన్ను గేటు బయటికి గెంటారు. మిగిలిన ఆ ఒక్క లైను నీకోసం ఎదురుచూస్తోందా?”

“లైను నరకమేం కాదమ్మా. నన్ను పెంచింది ఆ లైనే.”

“నిన్ను పెంచింది. నన్ను తినేసింది. ఆ ముక్క కూడా ఆ కాగితం మీద రాసుకో.”

సియోక్‌హుయ్‌కి ముప్ఫై ఒకటి. పెళ్ళి వీడియోలు కోసి, అతికించి, పాట పెట్టి, పెళ్ళికూతురు నడిచొస్తుంటే పూలరేకులు రాలేట్టు చేసి ఇవ్వడం ఆమె పని. ఇంట్లోనే, ముందు గదిలో, తండ్రి ఫోటో కింద బల్ల వేసుకుని చేస్తుంది. పని ఇచ్చేది ఒక పెళ్ళి ఫోటోల స్టూడియో. ఆ యజమాని ఆ పొద్దున్నే ఫోన్ చేశాడు. రెండు పెళ్ళిళ్ళు శనివారం మధ్యాహ్నానికి తన బల్ల మీద ఉండాలి, లేకపోతే ఇక నుంచి వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానన్నాడు. కంప్యూటర్ చూస్తే నత్త. కోతలన్నీ అయ్యాక ఒక పెళ్ళి ఒక ఫైలుగా తయారవడానికి పద్నాలుగు గంటలు. ఆ పద్నాలుగు గంటలూ దాన్ని ముట్టుకోనివ్వదు. ఆఖర్లో ఎక్కడో ఒక తప్పు కనబడితే మళ్ళీ మొదటికి. పూలరేకులు పెట్టి చూద్దామంటే రేకు రేకుకీ ఆగి ఊపిరి తీసుకుంటుంది. కొత్త కంప్యూటర్ కొనే మాట ఇద్దరూ ఎత్తలేదు. అందుకే సొరుగులో ఆ కాగితం.

“శనివారం దాకా ఆగు,” అంది బోంగ్‌చి.

“ఆగితే ఏమవుతుంది?”

“ఏమవుతుందో తర్వాత. ముందు ఆగు.”

మంగళవారం పొద్దున బోంగ్‌చి స్కూటర్ వేసుకుని వంతెన దాటి కంప్యూటర్లు అమ్మే కువాంగ్‌హువా బజారుకి పోయింది. బజారు కొత్త భవనంలోకి మారిన ఏడాది అది. రెండో అంతస్తులో లాయ్ దుకాణం. ఆ కంప్యూటర్ అమ్మింది అతనే. యాభై ఏళ్ళ మనిషి, నోట్లో ఎప్పుడూ పళ్ళపుల్ల, బల్ల మీద ఎప్పుడూ సగం తిన్న అన్నం డబ్బా.

“లాయ్, నువ్వు నా కూతురికి అమ్మింది కంప్యూటరా, బియ్యం మూటా?”

“ఏమైందక్కా, పొద్దున్నే?”

“అది ఒక పెళ్ళి పూర్తిచేసేలోపు ఆ పెళ్ళికూతురికి బిడ్డ పుట్టి పాకుతోంది.”

పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు. లాయ్ కూడా నవ్వి, పుల్ల ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకి మార్చాడు. “ఎంత వేగంలో నడుపుతున్నారు? పద్దెనిమిది వందల్లోనా? నేనిచ్చినప్పటి నుంచీ అలాగే వదిలేశారా?”

“వదిలేయక ఏం చేయాలి, జోల పాడాలా?”

“చూడక్కా. మీ పెట్టెలో ఉన్న చిప్పూ, ఈ అద్దాల వెనక కులుకుతున్న ఈ ఖరీదైన చిప్పూ ఒకే పెనం మీద కాల్చిన ఉల్లి రొట్టెలు. పరీక్షలో కొంచెం వెనకబడ్డవాటికి తక్కువ అంకె ముద్ర కొడతారు. ఒక్కోసారి అది కూడా కాదు. చవకరకం అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని, మంచివాటికే తక్కువ ముద్ర కొట్టేస్తారు. మీదానికి పద్దెనిమిది వందలని కొట్టారు. లాగితే మూడు వేలు పరిగెడుతుంది. దీన్నే కుర్రకారు ఓవర్‌క్లాకింగ్ అంటారు.”

బోంగ్‌చి మొహం ఎర్రబడింది. “అంటే చేతనైనదాన్ని పట్టుకుని చేతకానిదని ముద్ర కొట్టి అమ్ముతున్నారా?”

“వ్యాపారమక్కా.”

ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో లాయ్‌కి తెలియదు, మా సందులో అందరికీ తెలుసు. బోంగ్‌చి మూడో ఆడపిల్ల. పురుడుగది గుమ్మం దగ్గర నుంచే తండ్రి వెనక్కి తిరిగి, ‘ఏదో ఒకటిలే, పెంచండి’ అన్నాడు. అదే పేరైంది. బోంగ్‌చి అంటే అదే అర్థం. అరవై రెండేళ్ళుగా ఎవరు పిలిచినా ఆ మాటే వినబడుతుంది ఆమెకి.

“చెప్పు,” అంది స్టూలు లాక్కుని. “ఎలా లాగాలో చెప్పు. కదలను ఇక్కణ్ణుంచి.”

లాయ్ చెప్పాడు. గిరాకీలని పక్కన కూర్చోబెట్టి మరీ చెప్పాడు, అది ఒప్పుకోవాలి. “చిప్పుకొక తాళం ఉంటుందక్కా, దేవుడి ఊరేగింపులో డప్పు కొట్టినట్టు. ఇప్పుడు రెండు వందల తాళం. ఒక్కో దెబ్బకీ తొమ్మిది అడుగులేస్తుంది. తొమ్మిదిని మార్చలేం, తాళం పెంచగలం. మూడు వందల ముప్ఫై మూడు చేశామా, మూడు వేలు. కానీ ఒక్కసారే పెంచకు. పది పెంచు, నడిపి చూడు. మళ్ళీ పది, మళ్ళీ చూడు. ర్యామ్ కూడా దాంతోపాటే పరిగెడుతుంది, దానికి ఊపిరాడదు, దాని వేగం వేరే వరుసలో తగ్గించి పెట్టు. చిప్పు బిగుసుకుపోతే కరెంటు చిటికెడు పెంచు. చిటికెడంటే చిటికెడే, చారులో ఉప్పు కాదు. ఇక వేడి…”

“వేడి సంగతి నువ్వు నాకు చెప్తావా?” బోంగ్‌చి స్టూలు మీద నిటారుగా అయింది. “పన్నెండేళ్ళు వేడిగదిలో చేశాను. బోర్డుల్ని కొలిమిలాంటి గదిలో పెట్టి గంటల తరబడి నడిపితే, ఏది చస్తుందో ఏది బతుకుతుందో వాసన చూసి చెప్పేదాన్ని.”

“అయితే నీకు చెప్పేదేముంది? అరవై ఐదు దాటనివ్వకు. మీ పెట్టె వెనకున్న చిన్న ఫ్యాను వట్టి గోల, గాలి లేదు. అది పీకెయ్. పెట్టె నెత్తిన రేకు గుండ్రంగా కోయించి ఈ పెద్ద ఫ్యాను బిగించు. వేడి ఎటూ పైకే పోతుంది. చిప్పు మీద ఈ రాగి రెక్కల దిమ్మ పెట్టు.”

“మూడు వేలు పరిగెత్తకపోతే?”

“ఈ బజారంతా చూస్తుండగా తప్పు నాదేనని నోరు తెరిచి ఒప్పుకుంటా.”

“గుర్తుంచుకో ఆ మాట,” అంది బోంగ్‌చి.

బుధవారం పొద్దున మా సందు మొగలో రేకులు కోసే దుకాణంలో పెట్టె నెత్తిన బొక్క కోయించింది. అంచులు తిన్నగా లేవని వాడికి రెండు చీవాట్లు. ఇంటికొచ్చి చేతి మణికట్టుకి తీగ చుట్టుకుని, ఇంకో కొస కిటికీ ఇనుప కమ్మీకి కట్టింది. ఫ్యాక్టరీ అలవాటు అది. ఒంట్లో ఉన్న కరెంటు చిప్పుకి తగలకుండా. చిప్పు మీద వేడి లాగడానికి పూసే పాత పేస్టు తుడిచింది, కొత్తది బియ్యపు గింజంత వేసింది, రాగి దిమ్మ పెట్టి మరలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించింది. సియోక్‌హుయ్ గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది.

“అది పోతే నా పనీ పోతుందమ్మా.”

“పోతే పోయేది పని. నువ్వు ఆ కాగితం పట్టుకుని పోతే పోయేది నువ్వు. జరుగు, వెలుతురుకి అడ్డం.”

కంప్యూటర్ మొదలవగానే మీట నొక్కితే వచ్చే నీలం తెర ఉంటుందే, అందులో ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా బోంగ్‌చి చదవలేదు. కానీ అదే తెర ఫ్యాక్టరీలో రోజుకి మూడొందల సార్లు చూసింది. పైనుంచి మూడో వరుస, లోపలికి వెళ్తే రెండోది, అక్కడ అంకె. అంకెలు ఆమెని మోసం చెయ్యలేవు. రెండొందల పది. ఇరవై. ముప్ఫై. ప్రతిసారీ పరీక్ష పెట్టి, పెట్టె పక్కన చెవి ఆనించి వినేది. రెండొందల తొంభైకి తెర నల్లబడి ఊరుకుంది. సియోక్‌హుయ్ గుండె పట్టుకుంది. బోంగ్‌చి మాత్రం బోర్డు మీది బిళ్ళలాంటి బ్యాటరీ తీసి, వంద లెక్కపెట్టి, మళ్ళీ పెట్టింది. పెట్టె అన్నీ మరిచిపోయి చిన్నపిల్లలా రెండు వందలతో లేచింది. మళ్ళీ ఎక్కించింది, ఈసారి కరెంటు చిటికెడు పెంచి. మధ్యాహ్నం మూడింటికి మూడు వందల ముప్ఫై మూడు.

బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డుకైతే తెర మీదే ఒక గీత, దాన్ని కుడికి జరిపితే వేగం. బోంగ్‌చి జరిపింది, ఇంకా జరిపింది. రాలుతున్న పూలరేకుల మధ్య పెళ్ళికూతురి బుగ్గల మీద ఆకుపచ్చ చుక్కలు లేచాయి.

“అమ్మా, పిల్లకి పొక్కులు లేచాయి!”

“లేవనీ. పెళ్ళయిపోయిందిగా, ఇంకెవరు చూడొచ్చారు?” అంటూనే గీతని వెనక్కి లాగింది. చుక్కలు పోయాయి. ఇంకొంచెం లాగి అక్కడ ఆపింది. రేకులు ఆగకుండా రాలాయి. సియోక్‌హుయ్ ఆ రోజు మొదటిసారి స్టూలు దగ్గరికి లాక్కుంది.

ఇక అసలు పరుగు. అప్పుడు బోంగ్‌చి బీరువా తెరిచి ఆకుపచ్చ పొట్లం తీసింది.

ఆ పొట్లం సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. కొబ్బరి రుచి బొరుగు ముక్కలు, పిల్లలు తినేవి. దాని పేరుకి అర్థం ‘బుద్ధిగా ఉండు’ అని. అందుకని ఆసుపత్రి యంత్రం మీద, బ్యాంకు యంత్రం మీద, రైల్వే వాళ్ళ యంత్రం మీద, ఎక్కడ చూసినా ఆ పొట్లమే. ఆకుపచ్చదే ఉండాలి, యంత్రం దీపం ఆకుపచ్చగా వెలగాలి కదా. పసుపుది పెడితే యంత్రం అలిగిందన్నమాటే. విప్పకూడదు, తినకూడదు, మీదున్న తేదీ దాటకూడదు. వేడిగదిలో ప్రతి పరీక్ష పెట్టె నెత్తినా ఒకటి ఉండేది. తేదీ దాటినవి ఏరి కొత్తవి పెట్టడం బోంగ్‌చి బాధ్యత. పన్నెండేళ్ళలో ఒక్కటి కూడా పాతబడనివ్వలేదు.

పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకుని, తేదీ చూసి, పెట్టె నెత్తిన నడిమధ్యలో పెట్టింది. “బుద్ధిగా ఉండు,” అంది, బెదిరించినట్టు.

నలభై నిమిషాలకి పెట్టె టక్కుమని చచ్చిపోయింది.

చావకముందు తెర మూల వేడి అంకె డెబ్బై, ఎనభై, తొంభై దాటడం ఇద్దరూ చూశారు. బోంగ్‌చి పేస్టు తుడిచి మళ్ళీ వేసింది. చచ్చింది. మళ్ళీ తుడిచి మళ్ళీ వేసింది, మరలు మళ్ళీ బిగించింది. చచ్చింది. మూడు వేలు వద్దని రెండు వేల ఏడొందలకి దించింది. కాస్త ఎక్కువసేపు మూలిగి అదీ చచ్చింది. పొట్లం తీసి తేదీ మళ్ళీ చూసింది, ఇంకా నాలుగు నెలలుంది, మళ్ళీ అక్కడే పెట్టింది.

“దొంగ,” అంది. “దొంగ చిప్పు అంటగట్టాడు లాయ్. పరీక్షలో నిజంగా తప్పిందాన్ని తెచ్చి మనకి తగలేశాడు.”

గురువారం బజారు తెరిచేసరికి రెండో అంతస్తులో ఉంది. ఏం అనలేదని అడగండి, అదే సులువు. దొంగ అంది. కాలిన చిప్పులు ఏరుకొచ్చి అమ్ముతాడంది. నీ దుకాణంలో కొన్నవాళ్ళంతా ఇంటికిపోయి పెట్టెలు విప్పి చూసుకోండర్రా అంది. చేతిలో సంచులతో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు నిజంగానే సంచులు తిరిగిచ్చేశారు. లాయ్ నోట్లో పుల్ల ఆగిపోయింది.

“అక్కా, ఇరవై మూడేళ్ళ నుంచి, ఆ పాత వంతెన కింద బజారున్నప్పటి నుంచి అమ్ముతున్నా. ఒక్కడు నన్ను ఆ మాట అనలేదు.”

“వాళ్ళెవరూ వేడిగదిలో పనిచెయ్యలేదు కాబట్టి అనలేదు!”

“పెట్టె పట్టుకురా. నా కళ్ళముందు నడుపు. చస్తే అన్న మాట నిలబెట్టుకుంటా.”

శుక్రవారం పొద్దున పెట్టెని దుప్పట్లో చుట్టి, స్కూటర్ మీద కాళ్ళ మధ్య పెట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ పొట్లం దారిలో నలుగుతుందని ఇంట్లో భర్త ఫోటో దగ్గర పెట్టి వచ్చింది. లాయ్ పెట్టెకి కరెంటిచ్చి మూడు వేల మీద పరీక్ష పెట్టాడు. చుట్టూ పదిమంది మూగారు. పది నిమిషాలు. అరగంట. నలభై నిమిషాలు. వేడి అంకె యాభై ఎనిమిది దగ్గర కూర్చుని కదల్లేదు.

“నీ దుకాణంలో ఏసీ ఉంది,” అంది బోంగ్‌చి. “ఏసీలో శవం కూడా చెడదు.”

లాయ్ లేచి ఏసీ ఆపేశాడు. ఆగస్టు నెల. పది నిమిషాల్లో మూగినవాళ్ళ చొక్కాలు వీపులకి అంటుకున్నాయి. లాయ్ చెమట గడ్డం మీంచి అన్నం డబ్బాలోకి కారింది. అంకె అరవై ఒకటి. గంటా ఇరవై నిమిషాలు. అరవై ఒకటే.

“మీ ఇంట్లో ఏదో ఉందక్కా,” అన్నాడు లాయ్, మొహం తుడుచుకుంటూ.

“మా ఇంట్లో చచ్చిపోయిన మా ఆయన ఫోటో ఉంది, బతికున్న నా కూతురుంది. వాళ్ళలో ఎవరంటావు?”

ఎవరో వెనక నవ్వారు. ఆ నవ్వుకి బోంగ్‌చి ఒళ్ళు భగ్గుమంది. పెట్టెకి దుప్పటి చుట్టి, మెట్ల మీద ఎదురొచ్చినవాళ్ళనల్లా తోసుకుంటూ దిగిపోయింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతోంది. శనివారం మధ్యాహ్నానికి ఇరవై నాలుగు గంటలు లేవు. పాత వేగంతో రెండు పెళ్ళిళ్ళు ఇక అందవు, ఆ లెక్క ఇద్దరికీ తెలుసు. సియోక్‌హుయ్ మొదటి పెళ్ళి పెట్టి నొక్కింది. బోంగ్‌చి ఆయన ఫోటో దగ్గరున్న పొట్లం తీసుకుని, ఈసారి కళ్ళు మూసుకుని కూడా దణ్ణం పెట్టి, పెట్టె నెత్తిన పెట్టింది.

నలభై రెండు నిమిషాలు. టక్.

సియోక్‌హుయ్ అరవలేదు, ఏడవలేదు. దానికే బోంగ్‌చికి భయం వేసింది. సొరుగు లాగి కాగితం తీసింది. పెన్ను తీసింది. కింద ఖాళీగా ఉన్న గీత మీద నెమ్మదిగా, మంచి దస్తూరితో పేరు రాసింది.

“చాలమ్మా. నువ్వు చేయగలిగింది చేశావు.”

“ఆ మాట నాతో అనకు!”

“ఇంకేం అనమంటావు? మూడు రోజులయింది. లాయ్‌ని తిట్టావు, రేకులవాణ్ణి తిట్టావు, నన్ను తిట్టావు. సోమవారం టోపీ పెట్టుకుని పోతాను. అంతే కదా, చచ్చిపోవట్లేదు కదా.”

“నా టోపీ అది!” అని బోంగ్‌చి కేకేసింది. “మీ నాన్న పోయిన రోజు కూడా ఆ టోపీ పెట్టుకుని సాయంత్రం దాకా బోర్డులు లెక్కపెట్టాను, సెలవివ్వలేదు కాబట్టి! ఇరవై ఆరేళ్ళూ, నా కూతురు ఈ టోపీ పెట్టుకోదు, పెట్టుకోదు అనుకుంటూ పెట్టుకున్నాను! ఈ దరిద్రప్పెట్టె, ఈ ముదనష్టపు పెట్టె…”

అని చెయ్యెత్తి పెట్టె నెత్తిన ఒక్క దెబ్బ వేసింది.

ఠప్పుమంది.

పెట్టె కాదు, పొట్లం. వేడికి బూరలా ఉబ్బి బిగుసుకుని ఉందేమో, ఆమె అరచేతి కింద పగిలిపోయింది. కొబ్బరి ముక్కలు గదంతా ఎగిరాయి, సియోక్‌హుయ్ జుట్టులో పడ్డాయి, ఆయన ఫోటో చట్రం మీద రెండు కూర్చున్నాయి. మిగతావి పెట్టె నెత్తినున్న ఫ్యాను రెక్కల్లోకి గలగలా జారిపోయాయి.

ఇద్దరూ ఫ్యాను వంక చూశారు. ఆ ఫ్యాను కోసం కోయించిన బొక్క వంక చూశారు. బోంగ్‌చి చిరిగిన పొట్లాన్ని ముట్టుకుంది. ఇప్పుడే పెనం మీంచి తీసినట్టుంది.

ఫ్యాక్టరీలో పరీక్ష పెట్టెలకి నెత్తిన బొక్కలు లేవు. పొట్లం నెత్తిన పెడితే ఏమీ కాలేదు. ఇక్కడ వేడి బయటికి పోయే దారి ఒక్కటే, నెత్తిన. ఆ దారి కోయించింది తనే. దాని మీద మూత పెట్టింది తనే. లాయ్ దగ్గర నడిచింది ఏసీ వల్ల కాదు. పొట్లం ఇంట్లో ఉండిపోవడం వల్ల.

“అమ్మా,” అంది సియోక్‌హుయ్. “వేడిగదిలో ఎన్నేళ్ళు చేశానన్నావు?”

“నవ్వావంటే చంపుతా.”

సియోక్‌హుయ్ నవ్వింది. మూడు నెలలుగా నవ్వని నవ్వంతా ఒక్కసారి వచ్చింది. కింద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. బోంగ్‌చి నవ్వలేదు. పళ్ళు కొరుకుతూ, తింటానికి వాడే చెక్క పుల్లలతో ఫ్యాను రెక్కల మధ్య నుంచి కొబ్బరి ముక్కలు ఒక్కొక్కటే ఏరింది. ప్రతి ముక్కకీ ఒక తిట్టు, ఈసారి తిట్లన్నీ తనకే. తర్వాత కొత్త పొట్లం తీసి, టేపు వేసి పెట్టె పక్కకి అతికించింది. పక్కకి. గాలికి అడ్డం రాని చోట.

వేడి అంకె యాభై తొమ్మిది. గంట తర్వాత యాభై తొమ్మిది. శనివారం పొద్దున కాఫీ కాగేసరికి రెండో పెళ్ళి కూడా చివరికొచ్చింది. పదకొండింటికి సియోక్‌హుయ్ రెండు డిస్కులు సంచిలో వేసుకుని స్టూడియోకి పోయింది. తిరిగొచ్చేటప్పుడు అదే సంచిలో ఇంకో మూడు పెళ్ళిళ్ళ టేపులు.

వచ్చేసరికి బోంగ్‌చి పెట్టె దగ్గర వంగి ఉంది. రేకు అంచు వంకర వల్ల పెద్ద ఫ్యాను రొద చేస్తోంది. ఒక కాగితం నాలుగు మడతలు పెట్టి ఫ్యాను చట్రం కింద దోపుతోంది. మడత మీద ఫ్యాక్టరీ ముద్ర కనబడుతోంది, పక్కనే మంచి దస్తూరితో రాసిన పేరు సగం.

“అది నా కాగితం.”

“ఫ్యాను గోల చేస్తోంది,” అంది బోంగ్‌చి, తలెత్తకుండా.

సియోక్‌హుయ్ వంగి చూసింది. సంచి బల్ల మీద పెట్టింది. “ఇంకో మడత పెట్టు. అది సరిపోదు,” అంది.

ఆదివారం బజారు కిటకిటలాడుతుంది. ఆ కిటకిటలోకే పోయింది బోంగ్‌చి, కావాలనే. లాయ్ ఆమెని దూరం నుంచే చూసి అన్నం డబ్బా మూత పెట్టేశాడు. ఆమె బల్ల ముందు నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, గురువారం ఎంత గొంతుతో తిట్టిందో సరిగ్గా అంత గొంతుతో అరిచింది.

“వినండర్రా! ఈ లాయ్ అమ్మిన చిప్పు మూడు వేలు పరిగెడుతోంది! ఇతను దొంగ కాదు! బొక్క కోయించి బొక్క మీద పొట్లం పెట్టిన గాడిదని నేను! సంచులు తిరిగిచ్చినవాళ్ళు ఎవరో రండి, వచ్చి పట్టుకుపొండి!”

లాయ్‌కి నవ్వాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. “అక్కా, చాలు. కూర్చో. టీ తాగు.”

“టీ ఎందుకు?” బోంగ్‌చి కళ్ళు అప్పటికే అతని బల్ల వెనక లెక్కలు రాసుకునే కంప్యూటర్ మీద పడ్డాయి. దాని మీద ఆకుపచ్చ పొట్లం, దుమ్ము పట్టి వాలిపోయి ఉంది. చెయ్యి చాపి లాగి, కళ్ళ దగ్గర పెట్టుకుని అంకెలు చూసింది.

మొహం మళ్ళీ ఎర్రబడింది.

“తేదీ దాటి రెండు నెలలైంది! రెండు నెలలు! సిగ్గులేదూ నీకు? ఇలాంటివాడి దుకాణంలోనా నేను నా కూతురి బతుకు తెచ్చి పెట్టింది?” అని, చేతిసంచిలోంచి కొత్త పొట్లం తీసి అతని గుండెకేసి కొట్టింది. “పక్కకి అతికించు. పక్కకి! నెత్తిన పెట్టావో, మళ్ళీ వస్తాను.”